ఏడువందల యాభై పరుపుల చదువు

గోరంట్ల,
12 ఏప్రిల్ 1962

మీకు సలాం.

ముందుగా నా అక్షరాలను మన్నించండి. ఐదో తరగతి వరకు పలక పట్టి, ఆ తర్వాత ఆరేళ్లుగా పరుపుల సూది పట్టిన చెయ్యి ఇది. ఏ అక్షరానికి ఒత్తు పడుతుందో, ఏ అక్షరానికి పడదో రాసేటప్పుడు తెలియదు, రాసిన తర్వాతా తెలియదు. వరుసలు మన వీధిలాగే కిందికి జారుతున్నాయి. తప్పులు కనబడితే మీరు నవ్వుకోండి గాని గదిలో మీతో ఉన్నవాళ్లకు చూపించకండి.

మీ ఉత్తరం సోమవారం వచ్చింది. మామ దూది ఏకే విల్లు పక్కన పెట్టి, తల మీద పడిన దూదిని దులుపుకోకుండానే కూర్చుని చదవమన్నాడు. అత్త కూడా పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. బి.ఎ. పరీక్షలు బాగా రాశారని చదవగానే అత్త చేతులెత్తి దువా చేసింది. ఆపైన మీరు మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఎ. చదవాలనుకుంటున్నారని రాసిన చోట నాకు నోరు తిరగక ఆగిపోయాను.

"ఏం శాస్త్రమంట?" అన్నాడు మామ.

"మనసు శాస్త్రం" అన్నాను.

"అంటే మనసులో ఏముండాదో కనుక్కునేదా? నా మనసులో ఏముండాదో నాకు తెలుసు గదా. దానికి వాడు రెండేండ్లు మైసూరులో కూర్చోవల్లనా?"

"నీ మనసులో ఏముండాదో నాకూ తెలుసు" అంది అత్త. "దుడ్లు. ఇంగేముంటాది."

పక్కింటి ఓబులమ్మకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో గాని సాయంత్రానికే వచ్చింది. "మీ ఆయప్ప చదివొచ్చినంక మా తిప్పయ్య మనసులో ఏముండాదో సూసి చెప్పమను మే. పెండ్లై ఇరవై ఏండ్లాయ, నాతో నిండుగా ఒగ మాట మాట్లాడింది లేదు" అంది. తిప్పయ్యన్న అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, బీడీ ఆర్పి లేచి పోయాడు.

పదిహేను నూర్లు అప్పు చేయాల్సి వస్తుందని రాశారు కదా, మామ ఆ రోజంతా దానికి లెక్క కట్టాడు. "పరుపుకు మనకు మిగిలేది రెండు రూపాయలు. పదైదు నూర్లంటే ఏడున్నూటేబై పరుపులు. గోరంట్లలో అంతమంది పండుకునేవాళ్లు యాడుండారమ్మా?" అని నన్నే అడిగాడు.

నువ్వేమనుకుంటున్నావని మీరు కూడా అడిగారు. పెద్దవాళ్లు ఎట్లా అంటే అట్లా. వేళకు తినండి. మా అమ్మ కొత్తచెరువు నుంచి చెనక్కాయల పొడి పంపింది, బస్సు డ్రైవరు చేత పంపుతాను. సీసా మాత్రం వెనక్కి పంపండి, అది ఓబులమ్మది.

మీ
జుబేదాబీ


అనంతపురం,
19 ఏప్రిల్ 1962

జుబేదా,

పొడి అందింది. గదిలోవాళ్లకు నీ అక్షరాలు చూపించలేదు, పొడి మాత్రం చూపించాను. అదే తప్పయింది. సీసా ఖాళీ.

పరీక్షలు అయిపోయినా ఇంటికి రాకుండా ఇక్కడ ఉన్నది మండీలో లెక్కలు రాసే పని కోసమే. నెలకు నలభై రూపాయలు ఇస్తున్నారు. ఇంటికి రావాలని లేక కాదు.

నా ముందు ఉన్న సంగతి మళ్లీ తేటగా రాస్తాను, నాయనకు నిదానంగా చదివి చెప్పు. బి.ఎడ్. చేస్తే ఒక్క ఏడాది చదువు. స్టైపెండు ఉంది, అప్పు అక్కర్లేదు. ఆ తర్వాత హైస్కూల్లో నూటఇరవై జీతం, అది ఖాయం. మనస్తత్వ శాస్త్రమైతే రెండేళ్లు. మద్రాసులోనూ ఉంది, మైసూరులోనూ ఉంది. మద్రాసులో ఖర్చు దాదాపు రెట్టింపు. చదివి వచ్చాక రెండు వందల ఇరవై వరకు రావచ్చని మా లెక్చరరు అన్నారు. బెంగళూరు ఫ్యాక్టరీలలో మనుషులను పనిలోకి తీసుకునే ముందు పరీక్షలు పెడుతున్నారట, ఆ పరీక్షలు పెట్టేది ఈ చదువు చదివినవాళ్లే. రావచ్చు అన్నారు, వస్తుంది అనలేదు. బి.ఎ.లో ఆ ఒక్క పేపరు చదివినప్పుడే నాకు నిద్ర రాలేదు, మిగిలిన పేపర్లు చదివితే నిద్ర బాగా వచ్చింది. దరఖాస్తు ఏదైనా మే నెలాఖరులోగా చేరాలి.

పెద్దవాళ్లు ఎట్లా అంటే అట్లా అని రాశావు. అది జవాబు కాదు. నీకు చెప్పడానికి సిగ్గు అని నాకు తెలుసు. అందుకని పుస్తకంలో ఉన్న పద్ధతి ఒకటి పంపుతున్నాను. కింద పది మాటలు ఉన్నాయి. ఒక్కో మాట చదవగానే మనసులోకి ఏది ముందు వస్తే అది పక్కన రాయాలి. ఆలోచించకూడదు. మనిషి నోటితో చెప్పలేనిది ఇందులో బయటపడుతుందట.

నీళ్లు, దూది, రైలు, వాన, చీకటి, పరుపు, చదువు, పెళ్లి, మైసూరు, భర్త.

వెంటనే పంపు.

ఖాజా హుస్సేన్


గోరంట్ల,
26 ఏప్రిల్ 1962

మీకు సలాం. టపా ఆయన బయ్యన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు, అందుకే కార్డు. కార్డును దారిపొడుగునా అందరూ చదువుతారు కాబట్టి జవాబులు మాత్రమే రాస్తున్నాను.

నీళ్లు, బండికి అర్ధ రూపాయి. దూది, ధర పెరిగింది. రైలు, టిక్కెట్టు. వాన, రాదు. చీకటి, కిరసనాయిలు. పరుపు, పద్దెనిమిది రూపాయలు, పైగుడ్డ కాక. చదువు, వడ్డీ. పెళ్లి, నూటయాభై. మైసూరు, పాకు. భర్త, బాకీ.

సీసా పంపలేదు. ఓబులమ్మ రోజూ అడుగుతోంది.

జుబేదాబీ


అనంతపురం,
3 మే 1962

జుబేదా,

కార్డు మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. అన్నం సహించలేదు.

నీ మనసు ఇట్లా ఉందని నాకు తెలియదు. పది మాటలు పంపితే ఎనిమిదింటికి ధరలూ ఖర్చులూ. చీకటి అంటే కిరసనాయిలు ఖర్చు గుర్తుకు వచ్చిన మనిషి ఎంత భయంలో బతుకుతున్నట్టు. చదువు అంటే వడ్డీ. పెళ్లి అంటే నూటయాభై రూపాయలు. ఆఖరి జవాబు గురించి నేను రాయలేను. భర్త అన్న మాట వినగానే బాకీ గుర్తుకు వచ్చిందంటే ఈ ఏడాదిలో నేను నీకు ఇంకే గుర్తూ మిగల్చలేదన్నమాట.

మైసూరుకు పాకు అని రాశావు. లోపల ఎక్కడో కాస్త ఆశ ఉందేమో అనుకుని సంతోషపడబోయాను. పుస్తకం మళ్లీ చూశాను. పదిట్లో ఒకటిని పట్టుకుని ఆశపడకూడదని అందులో ఉంది.

అప్పు అంటే ఇంత భయపడే మనిషి నెత్తిన పదిహేను వందలు పెట్టి నేను మనసుల గురించి పాఠాలు వింటూ కూర్చోవడం న్యాయం కాదు. మైసూరు మానుకున్నాను. బి.ఎడ్. దరఖాస్తు రాసి పెట్టాను, ఈ నెల ఇరవైన పంపేస్తాను. నాయనకు, అమ్మకు చెప్పు, సంతోషిస్తారు. నువ్వు కూడా ఇక నిశ్చింతగా ఉండు.

సీసా పంపుతున్నాను.

ఖాజా హుస్సేన్


గోరంట్ల,
8 మే 1962

మీకు సలాం.

ఆ దరఖాస్తు పంపకండి. ముందు ఈ ఉత్తరం మొత్తం చదవండి. దీన్ని ఎవరికీ చదివి వినిపించలేదు, పరుపుల గుడ్డల మూట వెనుక కూర్చుని రాస్తున్నాను. నవ్వు వస్తోంది, నవ్వితే బయటికి వినబడుతుంది, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ జవాబులు నావి కావు. మామవి.

మన ఇంటికి ఉత్తరం వస్తే ఎట్లా ఉంటుందో మరిచిపోయారా? నాకు రాసినా ఇంటికి వచ్చినట్టే. చదివి వినిపించాల్సిందే. పది మాటలు చదివేసరికి మామ కాళ్లు చాపుకుని "అడుగు, నేను చెప్తా" అన్నాడు. నాకే రాసిందని అంటే, "రాసింది నీకే లేమ్మా, చెప్పేవాళ్లు ఎవరైతే ఏం" అన్నాడు.

"నీళ్లు" అన్నాను.

"బండికి అర్ధ రూపాయి" అన్నాడు. బండి నాగప్ప ఆ రోజే ధర పెంచాడు లెండి, బావులు ఎండాయని.

"రైలు."

"టిక్కెట్టు. టిక్కెట్టు లేకుండా ఎవడెక్కిస్తాడు?"

"చీకటి" అంటే అత్త అందుకుంది. "కిరసనాయిలు అయిపోయిందని పొద్దున్నించి చెప్తాండా, తేలేదు." దాన్నే రాయమన్నాడు మామ. పరుపు అన్న మాట మీరు ఎందుకు రాశారో తెలియదు. నేను దాన్ని చదవలేక చదవలేక చదివాను. నా చెవులు కాలిపోయాయి. మామ మాత్రం కొనడానికి వచ్చినవాళ్లకు చెప్పినట్టు, "పద్దెనిమిది. పైగుడ్డ కాకుండా" అన్నాడు. వాకిట్లో బయ్యన్న "నాకైతే ఎంతకిస్తావు నబీ సాబూ?" అని బేరం మొదలుపెట్టాడు.

పెళ్లికి నూటయాభై అన్నది అత్త. ఆఖరి మాటకు మళ్లీ మామే అందుకున్నాడు. "పోయిన పండగకు మూడు రూపాయలు తీస్కపోయినాడు, ఇయ్యలేదు. బాకీ అని రాయి" అన్నాడు. నేను కోడలిని, ఎట్లా కాదంటాను? రాశాను.

మైసూరు పాకు ఒక్కటే నాది. అది నోట్లోంచి జారిపోయింది.

ఇప్పుడు నాకు తెలిసిన సంగతి చెబుతాను. మీరు ఆ పది మాటలు ఎందుకు పంపారని నేను చాలా దిగులుపడ్డాను. "ఎం.ఎ. చదివేవానికి నువ్వు సరిపోతావో లేదో చూస్తాండాడు లే" అని ఓబులమ్మ అంది. అది నిజమనుకున్నాను. నా జవాబులు తప్పైతే మైసూరులో ఇంగ్లీషు మాట్లాడే మనిషిని చూసుకుంటారేమో అనుకున్నాను. మామ జవాబులు చెబుతుంటే, పోనీలే, తప్పైతే మామ తప్పవుతుంది అని ధైర్యం కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే మీరు అక్కడ అన్నం మానుకుని కూర్చున్నారు.

నా జవాబులు ఇవి. నీళ్లు అంటే, పొద్దున మీరు ముఖం కడుక్కుంటూ పాట పాడబోయి మామను చూసి ఆపేయడం. దూది అంటే మీ జుట్టులో చిక్కుకున్నది, తీయాలని చెయ్యి లేస్తుంది, అందరూ ఉంటారు, తీయను. వాన అంటే మన నిఖా రోజు పడిన నాలుగు చినుకులు. అందరూ తలెత్తి ఆకాశం చూశారు, నేను మిమ్మల్ని చూశాను. రైలు నేనెక్కలేదు. చదువు అంటే మీరు పుస్తకం చదివేటప్పుడు పెదవులు కదలడం. పరుపు సంగతి అడగకండి.

మీరు మైసూరుకు పోవాలని నా కోరిక. లెక్క కూడా కట్టాను, తప్పుంటే దిద్దండి. ఆదెప్ప షావుకారి దగ్గర రూపాయి వడ్డీ. రెండేళ్లకు అప్పు, వడ్డీ కలిపి పద్దెనిమిది వందల అరవై. బి.ఎడ్. అయితే ఒక ఏడాది ముందే జీతం వస్తుంది కదా, ఆ జీతం పోగొట్టుకున్నదీ అప్పే అంటాడు మామ. అది నిజమే. అది పద్నాలుగు వందల నలభై. అన్నీ కలిపితే మూడు వేల మూడు వందలు. మీకు రెండు వందల ఇరవై వస్తే, నూటఇరవైతో మనం గడుపుకుని వంద పక్కన పెడితే మూడేళ్లకు తీరుతుంది. తీరాక మిగిలిన ఏళ్లన్నీ మనవే.

ఆ ఉద్యోగం రాకపోతే? అదీ ఆలోచించాను. అప్పుడు బడిపంతులే అవుతారు, అప్పు ఆరేడేళ్లు సాగుతుంది. నాకు ఆ భయం లేదని అనను. కానీ మీరు నిద్రొచ్చే పేపర్లు ముప్పై ఏళ్లు పిల్లలకు చెబుతూ ఉంటే, నేను ఆ ముఖాన్ని రోజూ చూస్తూ ఉండాలి. దానికి వడ్డీ ఎంతో నాకు లెక్కకు రాలేదు.

చిక్కు ఒకటే. పత్రం మీద మీతో పాటు ఇంకొకరు హామీ ఉండాలని ఆదెప్ప అంటున్నాడట, ఆ మాటెత్తితే చాలు, మామ వినబడనట్టు విల్లు గట్టిగా కొడుతున్నాడు.

మీ
జుబేదాబీ


అనంతపురం,
14 మే 1962

జుబేదా,

ఈ ఉత్తరాన్ని గీత గీసిన చోటు వరకు నాయన ముందు చదువు. అక్కడికి రాగానే దగ్గు వచ్చినట్టు చేసి ఆపెయ్.

నాయనకు సలాం. మూడు రూపాయలు మనియార్డరు పంపాను. మైసూరు విషయం మళ్లీ మనసులో పడింది. మద్రాసు సంగతి వదిలేశాను, లోపలి దూది ఒకటే అయినప్పుడు పైగుడ్డకు ఎక్కువ పెట్టకూడదని నీ దగ్గరే నేర్చుకున్నాను. నువ్వు హామీ ఉంటే చదువుకుంటాను. ఉండలేనంటే బి.ఎడ్.కే పోతాను, నిన్ను తప్పుపట్టను. ఇన్నేళ్లు నీ దగ్గు మధ్యలో, దూది మధ్యలో నన్ను కాలేజీకి పంపిన మనిషివి. ఆపైన అడగడానికి నాకు నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

________

ఇప్పుడు దగ్గు.

నీ ఉత్తరం చదివి మండీలో మూట మీద కూర్చుని ఒక్కడినే నవ్వాను. యజమాని వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగాడు. మా నాయన మనసును చదివి నా పెళ్లాం మనసు అనుకున్నాను. మనసు చదవడం నాకు బొత్తిగా రాదని తేలిపోయింది కాబట్టి మైసూరు పోక తప్పదు.

ఇంగ్లీషు మాట్లాడే మనిషి సంగతి ఓబులమ్మకు చెప్పు, నాకే సరిగ్గా రాదని.

నీ లెక్కలో తప్పు ఒకటి ఉంది. రెండేళ్లూ హాస్టలు ఖర్చు కలిపి నేను రాసిన పదిహేను వందలనే నువ్వూ వేశావు. రెండో ఏడాది నేను హాస్టల్లో ఉండను. చిన్న గది తీసుకుంటే అదే డబ్బుకు ఇద్దరం బతకవచ్చు. మళ్లీ మళ్లీ లెక్క కట్టాను, ప్రతిసారీ ఇద్దరే వస్తున్నారు. నువ్వు రైలెక్కలేదని రాసినప్పటి నుంచి ఇదే పని.

బి.ఎడ్. కాగితం చించలేదు. నాయన మాట వచ్చాక చించుతాను.

ఖాజా హుస్సేన్


గోరంట్ల,
23 మే 1962

మీకు సలాం.

చించేయండి.

మీరు దగ్గమన్న చోట దగ్గాను. అంత బాగా దగ్గానో ఏమో, అత్త పరుగున పోయి మిరియాల కషాయం కాచి తెచ్చింది. గ్లాసెడు తాగాల్సి వచ్చింది. మామ అంతా చూసి, "దగ్గు అయిపోయింది గాని కాగితం ఇంకా సగముండాదే" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "కింద రాసింది నాకు కాదులే" అని లేచి పోయాడు. పోతూ పోతూ నవ్వినట్టే ఉంది, చెప్పలేను, మామ నవ్వు మీకు తెలుసు కదా.

రెండు రోజులు మామ విల్లు మోగుతూనే ఉంది. మొన్న పొద్దున "పా, ఆదెప్ప కాడికి" అన్నాడు. ఎవరిని అంటున్నాడో తెలియక నేను అత్త వైపు చూశాను. "నిన్నే. సంతకం చేయగల్గేది ఇంట్లో నువ్వొగదానివే గదా" అన్నాడు. వేలిముద్ర పత్రాలను ఆదెప్ప ఈ మధ్య ఒప్పుకోవడం లేదట, ఎవరో కోర్టులో అది నా వేలు కాదన్నారని.

అంగట్లో జనం ఉన్నారు. నేను ముసుగు ముఖం మీదికి లాక్కుని స్తంభం చాటున నిలబడ్డాను. ఆదెప్ప తమలపాకులు మడుస్తూ, "ఏం నబీ సాబూ, పరుపులు కుట్టేదానికి కూడా ఎం.ఎ. కావల్లనా ఇప్పుడు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

మామ మెల్లగా కూర్చున్నాడు.

"ఆదెప్పా, ఈ ఎండాకాలంలో నీ పరుపు ఎన్నితూర్లు ఏకించినావు?"

"నాలుగైదు తూర్లు. ఎందుకప్పా?"

"ఎందుకు ఏకించినావు?"

"నిద్ర పట్టక. గడ్డలు కట్టిందని చెప్తినే."

"ప్రతితూరీ దూది అంతా చేత్తో తడివి చూసినా. యాడా ఒగ గడ్డ లేదు. నీ కూలి దుడ్లు పోతాయని చెప్పల్లనుకున్యా, నా కూలి దుడ్లు పోతాయని చెప్పలా. గడ్డ పరుపులో లేదు ఆదెప్పా. అది యాడుండాదో చూసే చదువంట మావోనిది."

ఆదెప్ప తమలపాకు నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "వాడు చదివొచ్చేదానికి రెండేండ్లు పట్టదా? అంతవరకు నేనేం చేయల్ల?" అన్నాడు.

"అంతవరకు ఏకిస్తా ఉండు" అన్నాడు మామ.

ఈసారి ఆదెప్పే ముందు నవ్వాడు. పత్రం రాయమని గుమాస్తాకు చెప్పాడు. వడ్డీ మాత్రం అర్ధణా కూడా తగ్గించలేదు.

మీరు వచ్చి సంతకం చేసిన రోజు డబ్బు చేతికి ఇస్తానన్నాడు. హామీ సంతకం మొన్ననే చేయించాడు. గుమాస్తా "సంతకం పెట్టి, కింద భర్త పేరు కూడా నీ చేత్తోనే రాయమ్మా" అన్నాడు. నా పేరు రాశాను. అక్కడ కలం ఆగిపోయింది. మీ పేరు నేను ఎప్పుడూ పలకలేదు, రాయలేదు. కవర్ల మీద బయ్యన్న రాస్తాడు. ఎవరైనా అడిగితే మా అత్త కొడుకు అంటాను. మామ నా అవస్థ చూసి, "నేను చెప్తా, నువ్వు రాస్కో సామీ" అని గుమాస్తాతో అన్నాడు. "ఆ యమ్మ చేతి రాతే ఉండల్ల, రేపు కాదంటే?" అన్నాడు గుమాస్తా.

అంగడి అంతా నన్నే చూస్తోంది. మామ ముఖం అటు తిప్పుకుని ఎండలోకి చూస్తూ కూర్చున్నాడు, నాకు సిగ్గు కాకూడదని. నేను రాశాను. మీరు తీసుకునే అప్పుకు మీ పేరు కింద నా పేరు కాదు, నా పేరు కింద మీ పేరు ఉంది. దారిలో మామ ఒక్క మాటే అన్నాడు. "ఏడున్నూటేబైలో సగం నువ్వు కుట్టల్ల." అట్లాగే అన్నాను.

ఇంటికి వచ్చాక దూది గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాను. ఆ గదిలో మాట గోడ దాటి పోదు, దూది పట్టేసుకుంటుంది. అక్కడ నిలబడి మీ పేరు ఒకసారి పైకి అన్నాను. ఏమీ కాలేదు. ఇంకోసారి అన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నానో లెక్క పెట్టలేదు, అత్త వచ్చి "ఎవరితో మాట్లాడతాండావే?" అనేదాకా అంటూనే ఉన్నాను.

రేపు పొద్దునకు మళ్లీ సిగ్గు వచ్చేస్తుంది, అందుకని ఇప్పుడే ఇక్కడ కూడా రాస్తున్నాను. ఖాజా హుస్సేన్. త్వరగా రా. రండి అనకుండా రా అని రాశాను చూడండి. ఇది ఎవరి కంటా పడకూడదు. మీరు చదవండి, కావాలంటే ఇంకోసారి చదవండి, ఆ తర్వాత మీ కాళ్లకు మొక్కుతాను, ఈ ఉత్తరం కాల్చేయండి.

మీ
జుబేదాబీ